పెంపకపు చేపల్లో రోగనిరోధక నియంత్రణ జన్యువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెరువుల రైతులు, హేచరీ నిర్వాహకులు, మత్స్యశాస్త్ర విద్యార్థులు ఈ విషయంపై అడిగే సందేహాలు మళ్లీ మళ్లీ అవే వస్తున్నందువల్ల వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాము. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు అవసరమైన ప్రశ్న దగ్గరి నుంచే చదువుకోవచ్చు.

## మొదట వచ్చే సందేహాలు

రోగనిరోధక శక్తిని నియంత్రించే జన్యువు అంటే ఏమిటి? మిగతా రోగనిరోధక జన్యువులకూ దీనికీ తేడా ఏమిటి?

చేప శరీరంలో కొన్ని జన్యువులు నేరుగా సూక్ష్మజీవిని ఎదుర్కొనే పదార్థాలను తయారుచేయిస్తాయి. లైసోజైమ్, హెప్సిడిన్, కాంప్లిమెంట్ సీ3, ప్రతిరక్షకాలు అలాంటివి. నియంత్రక జన్యువుల పని వేరు. ఆ పదార్థాలు ఎప్పుడు తయారు కావాలి, ఎంత తయారు కావాలి, ఎప్పుడు ఆగాలి అన్నది అవి నిర్ణయిస్తాయి.

వీటిలో మొదటి వరుస గుర్తింపు గ్రాహకాలది. టోల్ లాంటి గ్రాహకాలు, అంటే టీఎల్ఆర్‌లు, బాక్టీరియా కశాభాన్నో వైరస్ ఆర్ఎన్ఏనో పసిగట్టి కణం లోపలికి సంకేతం పంపుతాయి. ఆ సంకేతం ఎన్ఎఫ్-కప్పా-బీ అనే ప్రోటీన్‌ను మేల్కొల్పుతుంది. అది కేంద్రకంలోకి వెళ్లి ఐఎల్-1 బీటా, టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-8 వంటి వాపును రేపే సైటోకైన్‌ల, అంటే కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్ల, ఉత్పత్తిని మొదలుపెడుతుంది. వైరస్ అయితే ఇంటర్‌ఫెరాన్‌లు, వాటి వెంట ఎంఎక్స్ వంటి జన్యువులు పని మొదలుపెడతాయి. ఇదంతా మొదలైన కొద్దిసేపటికే ఐఎల్-10, టీజీఎఫ్-బీటా, సోక్స్ కుటుంబపు జన్యువులు, ఐ-కప్పా-బీ ఆల్ఫా వంటివి దాన్ని వెనక్కి లాగడం ప్రారంభిస్తాయి. వ్యాధిని తట్టుకోవడమంటే వాపును రేపే వర్గం బలంగా ఉండడమొక్కటే కాదు. అది సమయానికి లేచి, పని పూర్తయ్యాక సమయానికి తగ్గడం. ఈ విషయంలో వచ్చే అపోహల్లో చాలా వాటికి మూలం ఈ రెండో సగాన్ని మరచిపోవడమే.

చేపలకు ఎముక మజ్జ పని చేయదు కదా, మరి రోగనిరోధక కణాలు ఎక్కడ పుడతాయి?

హెడ్ కిడ్నీ అని పిలిచే మూత్రపిండపు ముందు భాగంలో పుడతాయి. మనలో మజ్జ చేసే పనిని చేపలో ఆ భాగం చేస్తుంది. థైమస్, ప్లీహం దీనికి తోడుగా ఉంటాయి. శోషరస గ్రంథులు చేపకు లేవు. అందుకే జన్యువుల పనిని కొలిచే పరిశోధకులు ముందుగా హెడ్ కిడ్నీ, ప్లీహం, మొప్పలు, చర్మం, పేగు నుంచి నమూనాలు తీసుకుంటారు. ప్రతిరక్షకాల్లో ఐజీఎం, ఐజీడీలతో పాటు ఐజీటీ అనే రకం కూడా చేపల్లో ఉంది. 2005లో గుర్తించిన ఈ ఐజీటీ పేగు, మొప్పలు, చర్మం వంటి జిగురు పొరల రక్షణలో ముఖ్యపాత్ర వహిస్తుంది. నీటిలో బతికే జీవికి సూక్ష్మజీవులతో మొదటి పోరాటం జరిగేది ఆ పొరల మీదే.

మనుషుల్లో, ఎలుకల్లో ఈ జన్యువుల గురించి తెలిసినదంతా చేపలకూ వర్తిస్తుందా?

పేర్లు చాలావరకు వర్తిస్తాయి, ప్రవర్తన అన్నిసార్లూ వర్తించదు. ఉదాహరణకు, క్షీరదాల్లో టీఎల్ఆర్-4 గ్రామ్-నెగటివ్ బాక్టీరియా పైపొరలోని ఎల్‌పీఎస్‌ను గుర్తించి తీవ్రమైన స్పందన కలిగిస్తుంది. కార్పు జాతి చేపల్లో టీఎల్ఆర్-4 ఉన్నా అది అదే విధంగా పనిచేయదు. క్షీరదాన్ని చంపే మోతాదు ఎల్‌పీఎస్‌ను చేప తట్టుకోగలుగుతుంది. మరోవైపు క్షీరదాల్లో లేని టీఎల్ఆర్-22 చేపల్లో ఉండి, వైరస్‌ల జంట పోగుల ఆర్ఎన్ఏను గుర్తిస్తుంది.

ఇంకొక కారణం జన్యువుల నకళ్లు. అస్థి చేపల పూర్వీకులలో ఒకసారి జన్యుసముదాయమంతా రెట్టింపైంది. సాల్మన్ జాతిలోనూ, బంగారుతీగ వంశంలోనూ తర్వాతి కాలంలో మరోసారి రెట్టింపు జరిగింది. అందుకే శీలావతికి 50 క్రోమోజోములుంటే బంగారుతీగకు దాదాపు 100 ఉంటాయి. ఫలితంగా ఒకే సైటోకైన్‌కు రెండు మూడు నకళ్లు ఉండవచ్చు. ఒక నకలు పెరిగినప్పుడు మరొకటి పెరగకపోవచ్చు. ఏ నకలును కొలిచారో చెప్పని ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి.

అట్లాంటిక్ కాడ్ చేప కథ ఈ తేడాకు పరాకాష్ఠ. 2011లో దాని జన్యుసముదాయాన్ని ప్రచురించినప్పుడు, ప్రతిరక్షక వ్యవస్థకు కీలకమని అందరూ భావించే ఎంహెచ్‌సీ రెండో తరగతి జన్యువులు, అంటే సూక్ష్మజీవి ముక్కలను రోగనిరోధక కణాలకు చూపించేవి, వాటితో కలిసి పనిచేసే సీడీ4 జన్యువు అందులో లేవని తేలింది. వాటి స్థానంలో ఎంహెచ్‌సీ మొదటి తరగతి జన్యువుల సంఖ్య బాగా పెరిగి ఉంది. అయినా ఆ చేప సముద్రంలో మామూలుగానే బతుకుతోంది.

ఒకే చెరువు, ఒకే మేత, ఒకే నీరు. కొన్ని చస్తాయి, కొన్ని బతుకుతాయి. తేడా జన్యువులదేనా?

కొంత భాగం జన్యువులది, మిగతాది అదృష్టం, వయసు, శరీర స్థితి, సూక్ష్మజీవి ఎంత మోతాదులో తగిలిందన్నది. ఆ భాగం ఎంతో తెలుసుకోవడానికి పరిశోధకులు చాలా కుటుంబాల పిల్లలకు గుర్తులు పెట్టి, ఒకే తొట్టిలో ఉంచి, ఒకే మోతాదులో వ్యాధికారకాన్ని తగిలిస్తారు. ఒక కుటుంబంలో ఎక్కువ చేపలు, మరొక కుటుంబంలో తక్కువ చేపలు బతికితే, ఆ తేడా నుంచి వారసత్వ నిష్పత్తిని లెక్కగడతారు. ఆ నిష్పత్తి వ్యాధిని బట్టి, చేప జాతిని బట్టి మారుతుంది. ఒక వ్యాధిని బాగా తట్టుకున్న కుటుంబం మరొక వ్యాధిని తట్టుకుంటుందన్న హామీ కూడా లేదు.

మా చెరువులో శీలావతికి, బొచ్చెకు పుండ్లు వస్తే బంగారుతీగకు ఎందుకు రావడం లేదు?

మీరు చూస్తున్నది అఫనోమైసిస్ ఇన్వాడన్స్ అనే శిలీంధ్రం లాంటి జీవి వల్ల వచ్చే పుండ్ల వ్యాధి అయితే, దానికి జాతుల మధ్య తేడా బాగా తెలిసినదే. 1988లో భారతదేశంలోకి వచ్చిన ఈ వ్యాధి కొర్రమీనును, మన మేజర్ కార్పు చేపలను తీవ్రంగా బాధించింది. బంగారుతీగ, తిలాపియా మాత్రం దాన్ని తట్టుకుంటాయి. బంగారుతీగ కండరంలోకి ఆ జీవి పోగులు చొరబడగానే వాపు కణాలు వేగంగా చేరి, వాటి చుట్టూ గట్టి గుళిక కట్టి వ్యాప్తిని ఆపేస్తాయి. లొంగిపోయే జాతుల్లోనూ కణాలు చేరతాయి. కానీ ఆలస్యంగా, చెల్లాచెదురుగా చేరి, పోగులను ఆపలేక చుట్టుపక్కల కండరాన్నే దెబ్బతీస్తాయి. ఆయుధాలు రెండు జాతులకూ ఉన్నాయి, వాటిని ఎంత త్వరగా, ఎక్కడ వాడాలన్న నియంత్రణలోనే తేడా ఉంది. పుండు కనబడినంత మాత్రాన ఇదే వ్యాధి అనుకోకూడదు. బాక్టీరియా వల్ల వచ్చే పుండ్లు కూడా పైకి ఇలాగే ఉంటాయి.

## హేచరీ దశ, పిల్లలు కొనే దశ

జయంతి శీలావతి వేస్తే జబ్బులు రావా?

వస్తాయి. భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, అంటే సీఫా, 1992లో నార్వే శాస్త్రవేత్తల సహకారంతో శీలావతిలో ఎంపిక ప్రజననం ప్రారంభించింది. 1997లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవం సందర్భంగా ఆ రకానికి జయంతి అని పేరు పెట్టారు. ఆ కార్యక్రమపు మొదటి లక్ష్యం పెరుగుదల. ఒక్కో తరానికి సగటున 17 శాతం వరకు పెరుగుదల మెరుగైనట్టు సంస్థ నమోదు చేసింది. అందువల్ల ఈ రకాన్ని వేగంగా పెరిగే శీలావతిగా కొనాలి గాని, తెగుళ్లు సోకని శీలావతిగా కాదు.

ఏరోమోనాస్ హైడ్రోఫిలా బాక్టీరియాను తట్టుకునే గుణాన్ని తర్వాతి దశలో పరీక్షించారు. బాక్టీరియాను ఇచ్చి, బతికిన కుటుంబాలను, చనిపోయిన కుటుంబాలను వేరుచేసి, వాటి నుంచి తట్టుకునే వరుసను, లొంగిపోయే వరుసను పెంచారు. ఒక్క తరంలోనే ఆ రెండింటి మధ్య బతుకు శాతంలో పెద్ద తేడా వచ్చింది. తట్టుకునే వరుస చేపల రక్తరసిలో సెరులోప్లాస్మిన్ వంటి కొన్ని సహజ రక్షణ సూచికలు ఎక్కువగా ఉన్నాయి. వ్యాధిని తట్టుకోవడం శీలావతిలోనూ వంశపారంపర్యంగా వస్తుందనడానికి ఇది మన దగ్గరి గట్టి ఆధారం. అయితే అది ఒక బాక్టీరియాకు సంబంధించిన గుణం. పేనుకో, పుండ్ల వ్యాధికో దాన్ని అన్వయించకూడదు.

జన్యువు చూసి ఎంపిక చేయడం వల్ల ఎక్కడైనా నిజంగా వ్యాధి తగ్గిందా?

తగ్గింది. ఇంతవరకు వచ్చిన అన్నింటిలో స్పష్టమైన ఉదాహరణ అట్లాంటిక్ సాల్మన్‌లోని ఐపీఎన్ అనే వైరస్ వ్యాధి. సాల్మన్ పిల్లలను మంచినీటి దశలోనూ, సముద్రంలోకి దింపిన కొన్ని వారాల్లోనూ ఇది చంపేది. 2008, 2009 సంవత్సరాల్లో స్కాట్లాండ్‌లో ఒక బృందం, నార్వేలో మరొక బృందం వేర్వేరుగా పనిచేసి, ఆ వ్యాధిని తట్టుకునే గుణంలో జన్యుపరమైన తేడాకు చాలావరకు ఒకే ప్రాంతం కారణమని, అది 26వ క్రోమోజోము మీద ఉందని కనుగొన్నాయి. ఒకే ప్రాంతం అంత ప్రభావం చూపడం పెంపకపు జంతువుల్లో అరుదు. వెంటనే ప్రజనన సంస్థలు ఆ ప్రాంతపు మంచి రూపమున్న తల్లి చేపలను ఎంచుకొని గుడ్లు అమ్మడం మొదలుపెట్టాయి. నార్వేలో 2009లో 223 కేంద్రాల్లో కనబడిన ఈ వ్యాధి 2015 నాటికి 30 కేంద్రాలకు పడిపోయింది. ఆ తగ్గుదలకు హేచరీల శుభ్రత కూడా తోడ్పడింది, అయినా ఎంపిక చేసిన గుడ్ల పాత్రే పెద్దదని నిపుణులు భావిస్తారు.

ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఆ ప్రాంతంలో అసలు పనిచేసే జన్యువు ఏది? 2015లో నార్వే పరిశోధకులు ఎపిథీలియల్ క్యాడ్‌హెరిన్ జన్యువును చూపారు. అది కణాలను ఒకదానికొకటి అతికించే ప్రోటీన్, వైరస్ కూడా దానికి అతుక్కుంటుంది. 2021లో స్కాట్లాండ్ పరిశోధకులు అదే ప్రాంతంలోని ఎన్ఏఈ1 అనే మరొక జన్యువును పనిచేయకుండా చేసినప్పుడు కణాల్లో వైరస్ వృద్ధి బాగా తగ్గిందని చూపారు. ఈ రెండింటిలో ఏదీ పాఠ్యపుస్తకాల్లో రోగనిరోధక జన్యువుల జాబితాలో మొదట కనిపించే పేరు కాదు. వ్యాధిని తట్టుకునే జన్యువును వెతికేటప్పుడు సైటోకైన్‌ల దగ్గరే ఆగిపోకూడదని ఈ అనుభవం చెబుతోంది. ఇంకా ముఖ్యంగా, కొన్నేళ్ల తర్వాత మంచి రూపమున్న సాల్మన్‌లను కూడా జబ్బుపరిచే ఐపీఎన్ వైరస్ రూపాలు నార్వేలో కనిపించాయి. చేప జన్యువులను మనం ఎంపిక చేస్తుంటే, వైరస్ తన మార్పులను తాను ఎంపిక చేసుకుంటూనే ఉంటుంది.

అదే పద్ధతి మన శీలావతికి, బొచ్చెకు ఎందుకు ఇంకా రాలేదు?

అలాంటి ఒకే పెద్ద జన్యువు మన కార్పు చేపల్లో ఏరోమోనాస్ విషయంలో బయటపడలేదు. 2014లో శీలావతి 25 క్రోమోజోము జతలకు వేలాది డీఎన్ఏ గుర్తులతో జన్యు పటం తయారై, ఏరోమోనాస్‌ను తట్టుకునే గుణంతో ముడిపడిన కొన్ని ప్రాంతాలు కనిపించాయి. ఒక్కొక్కటి చూపే ప్రభావం మాత్రం చిన్నది. 2020లో శీలావతి జన్యుసముదాయపు తొలి కూర్పు ప్రచురితమైంది. చిన్న చిన్న ప్రభావాలు గల జన్యువులు చాలా ఉన్నప్పుడు ఒక్క గుర్తును చూసి ఎంపిక చేయడం ఫలించదు. జన్యుసముదాయమంతటా వేలాది గుర్తులను ఒకేసారి లెక్కలోకి తీసుకొని ప్రతి తల్లి చేపకు విలువ కట్టే జన్యుసముదాయ ఎంపిక అవసరమవుతుంది. దానికి ప్రతి తరంలో వ్యాధి పరీక్షకు గురిచేసిన కుటుంబాల సమాచారం కావాలి. ఖర్చంతా అక్కడే ఉంది.

తిలాపియా లేక్ వైరస్‌ను తట్టుకునే తిలాపియా ఉందా?

2014లో ఇజ్రాయెల్ పరిశోధకులు వెల్లడించిన ఈ వైరస్‌కు జన్యుపరమైన నిరోధం ఉందని తేలింది. మలేషియాలో వరల్డ్‌ఫిష్ సంస్థ పెంచుతున్న, వేగంగా పెరిగేలా ఎంపిక చేసిన గిఫ్ట్ రకం తిలాపియా ప్రజనన చెరువుల్లో 2018లో వ్యాధి సోకినప్పుడు, ఏ కుటుంబాలు బతికాయో నమోదు చేసి విశ్లేషించారు. 22వ క్రోమోజోము మీద పెద్ద ప్రభావం గల ప్రాంతం ఒకటి 2021లో బయటపడింది. విజయవాడ సమీపంలోని మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం నడిపే గిఫ్ట్ ప్రజనన కేంద్రానికి మూలం కూడా వరల్డ్‌ఫిష్ చేపలే కాబట్టి ఈ ఫలితం మనకు దూరపు విషయం కాదు. అయినా పిల్లలు కొనేటప్పుడు గిఫ్ట్ అన్న పేరు నిరోధానికి హామీ కాదు. పిల్లలకు వైరస్ పరీక్ష చేయించి కొనడమే నేటికి సరైన జాగ్రత్త.

ఒకే తల్లి చేపలను ఏళ్ల తరబడి వాడితే పిల్లల రోగనిరోధకత తగ్గుతుందా?

తగ్గే ప్రమాదం ఉంది. దీనికి ముఖ్య కారణం ఎంహెచ్‌సీ జన్యువులు. సూక్ష్మజీవి ముక్కలను రోగనిరోధక కణాలకు చూపించేది ఈ జన్యువుల ప్రోటీన్లే. ఒక్కో రూపం ఒక్కో రకం ముక్కలను పట్టుకోగలదు. అట్లాంటిక్ సాల్మన్‌లో ఫురంక్యులోసిస్ వ్యాధికి, బంగారుతీగలో కోయి హెర్పిస్ వైరస్‌కు, బతుకు శాతానికీ ఎంహెచ్‌సీ రూపాలకూ సంబంధం ఉన్నట్టు పరిశోధనలు చూపాయి. కొద్ది తల్లి చేపలతోనే, వాటి పిల్లలనే మళ్లీ తల్లి చేపలుగా వాడుతూ పోతే ఈ రూపాల్లో చాలా అంతరించి, మందలో చేపలన్నీ ఒకే సూక్ష్మజీవికి ఒకే విధంగా లొంగిపోయే పరిస్థితి వస్తుంది. రోగం వచ్చినప్పుడు చెరువు మొత్తం ఒకేసారి పోవడానికి ఇదొక కారణం కాగలదు. హేచరీ వారు వేర్వేరు మూలాల నుంచి తల్లి చేపలను తెచ్చి మందను మారుస్తున్నారా అని అడగడం కొనేవారి హక్కు.

## చెరువులో పెంచే దశ

మంచి జాతి పిల్లలు వేశాను. నీటి యాజమాన్యం కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. నియంత్రక జన్యువులు పనిచేయడం చేప అనుభవించే ఒత్తిడి మీద ఆధారపడి ఉంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినప్పుడు, అమోనియా పెరిగినప్పుడు, వల లాగి గంటల తరబడి ఇరుకులో ఉంచినప్పుడు, లారీలో కిక్కిరిసి ప్రయాణించినప్పుడు చేప రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. కార్టిసాల్ ఐ-కప్పా-బీ ఆల్ఫాను పెంచి, ఎన్ఎఫ్-కప్పా-బీ కేంద్రకంలోకి వెళ్లకుండా ఆపుతుంది. దానితో ఐఎల్-1 బీటా, టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి తొలి సంకేతాలు అణగిపోతాయి. కొద్దిసేపటి ఒత్తిడి అంత హాని చేయదు, రోజుల తరబడి సాగే ఒత్తిడే ప్రమాదకరం. నీటిలో ఎప్పుడూ ఉండే ఏరోమోనాస్ అంతవరకు చేపను ఏమీ చేయకుండా ఉండి, సరిగ్గా అలాంటి సమయంలోనే వ్యాధిగా మారుతుంది. పిల్లలు దింపిన వారం పది రోజుల్లో వచ్చే మరణాలకు విత్తనాన్నే నిందించే ముందు రవాణా ఎలా జరిగిందో చూడాలి.

చలికాలంలోనే తెగుళ్లు ఎందుకు ఎక్కువవుతాయి?

చేప శరీర ఉష్ణోగ్రత నీటిని బట్టే మారుతుంది. నీరు చల్లబడినప్పుడు ప్రతిరక్షకాలు తయారయ్యే ప్రక్రియ, టీ కణాల పని నెమ్మదిస్తాయి. సహజ రక్షణ కొంతవరకు కొనసాగినా, వాపు కణాలు చేరే వేగం తగ్గుతుంది. చలిలో కూడా పెరగగలిగే అఫనోమైసిస్ వంటి జీవికి ఇది అనుకూలమైన సమయం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మన జిల్లాల్లో పుండ్ల వ్యాధిపై కన్నేసి ఉంచమనడానికి కారణం ఇదే.

వేడికీ ఈ జన్యువులకూ ఉన్న సంబంధానికి బంగారుతీగలో చక్కటి రుజువు ఉంది. కోయి హెర్పిస్ వైరస్ సోకిన చేపలకు 24, 28, 32 డిగ్రీల నీటి గదుల మధ్య స్వేచ్ఛగా తిరిగే వీలు కల్పిస్తే, అవి 32 డిగ్రీల గదిలోకి చేరి బతికాయి. అంటే చేప తనంతట తాను జ్వరం తెచ్చుకుంటుంది. ఆ ప్రవర్తనను మొదలుపెట్టే సంకేతం టీఎన్ఎఫ్-ఆల్ఫా. వైరస్ కూడా ఊరుకోదు. ఆ సైటోకైన్‌ను పట్టి ఉంచే ఒక గ్రాహకాన్ని తానే తయారుచేసి, చేప వెచ్చని నీటికి వెళ్లడాన్ని ఆలస్యం చేస్తుంది. 2017లో వెలువడిన ఈ పరిశోధన, ఒక్క సైటోకైన్‌కు చేప ప్రవర్తనతో ఎంత దగ్గరి సంబంధం ఉందో చూపింది.

ఇమ్యూనిటీ పెంచుతాయని చెప్పి అమ్మే బీటా గ్లూకాన్ మందులు ఈ జన్యువుల మీద పనిచేస్తాయా?

పనిచేస్తాయి, హద్దుల్లో. ఈస్ట్ కణపు గోడ నుంచి తీసే బీటా గ్లూకాన్‌ను చేప భక్షక కణాలు శిలీంధ్రపు గుర్తుగా భావించి, సైటోకైన్ జన్యువులను కొంత లేపి, సూక్ష్మజీవులను చంపే సామర్థ్యాన్ని పెంచుకుంటాయి. పిల్లలు మార్చే ముందు, రవాణాకు ముందు, చలికాలం మొదలయ్యే ముందు కొద్ది వారాలు మేతతో ఇవ్వడం ఇందుకే. ఏడాది పొడవునా ఇస్తే ఫలితం అలాగే కొనసాగదు. స్పందన మందగించడమో, అసలు కనబడకపోవడమో జరుగుతుంది. నిరంతరం రేపిన రోగనిరోధక వ్యవస్థ తనను తాను అణచుకుంటుంది, పెరుగుదలకు వెళ్లవలసిన శక్తి కూడా దానికే ఖర్చవుతుంది. వ్యాధి వచ్చాక ఇవ్వడం వల్ల సాధారణంగా ప్రయోజనం ఉండదు, పైగా జబ్బు చేప మేత తినదు.

పేను పట్టిన తర్వాతే ఎర్ర మచ్చలు, పుండ్లు ఎందుకు మొదలవుతాయి?

చేప పేను, అంటే ఆర్గులస్, చర్మానికి గాయం చేసి రక్తం పీలుస్తుంది. ఆ గాయం బాక్టీరియాకు తలుపు తెరిచినట్టే. చర్మంలోని సహజ రక్షణ జన్యువుల స్పందన కూడా పేను పట్టిన చోట మారిపోతుంది. పైగా నిరంతర దురద, రాపిడి చేపను ఒత్తిడిలో ఉంచుతాయి. మన మూడు కార్పు చేపల్లో, అంటే శీలావతి, బొచ్చె, ఎర్రమోసుల్లో, శీలావతి దీనికి ఎక్కువగా గురవుతుంది. కాబట్టి పేనును నివారించకుండా పుండుకు మాత్రమే మందు వేస్తే అది మళ్లీ వస్తుంది.

## వ్యాధి వచ్చాక, నివేదికలు చదివేటప్పుడు

పరిశోధన వ్యాసంలో ఐఎల్-1 బీటా 20 రెట్లు పెరిగిందని ఉంది. అది మంచి చేపా, చెడ్డ చేపా?

ఆ ఒక్క సంఖ్యతో చెప్పలేము. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందువల్ల కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

మొదట సమయం. బాక్టీరియా తగిలిన కొన్ని గంటల్లోనే ఐఎల్-1 బీటా పెరిగి, ఒకటి రెండు రోజుల్లో తగ్గితే అది సాధారణంగా ఆరోగ్యకరమైన స్పందన. అదే జన్యువు మూడో రోజు, నాలుగో రోజు కూడా విపరీతంగా పెరుగుతూ ఉంటే, చేప గెలుస్తున్నదని కాదు, బాక్టీరియా ఇంకా పెరుగుతూనే ఉందని అర్థం. చనిపోబోయే చేపల్లో వాపు సైటోకైన్‌లు అన్నింటికంటే ఎక్కువగా ఉండడం మామూలే. ఆ వాపు మొప్పలను, కాలేయాన్ని, మూత్రపిండాన్ని దెబ్బతీసి మరణానికి తానే కారణమూ కావచ్చు.

రెండోది, పక్కన ఐఎల్-10ను కొలిచారా అన్నది. ఐఎల్-10 మరీ ముందుగా పెరిగితే సూక్ష్మజీవి చావకుండా తప్పించుకుంటుంది, మరీ ఆలస్యంగా పెరిగితే కణజాలం పాడవుతుంది. వాపును రేపే జన్యువును మాత్రమే కొలిచి, దాన్ని అణచే జన్యువును వదిలేసిన వ్యాసం సగం కథ చెబుతుంది.

మూడోది, అదే చేపలో సూక్ష్మజీవి మోతాదును కూడా కొలిచారా అన్నది. రెండు కుటుంబాల్లో బాక్టీరియా మోతాదు సమానంగా ఉన్నప్పుడు జన్యువు వేర్వేరుగా స్పందిస్తే దానికి అర్థం ఉంటుంది. మోతాదే వేరైనప్పుడు జన్యువుల తేడా దాని నీడ మాత్రమే.

చివరిది, కొలత పద్ధతి. జన్యువు ఎన్ని రెట్లు పెరిగిందన్నది ఒక స్థిరమైన జన్యువుతో పోల్చి చెప్పే లెక్క. బీటా యాక్టిన్ వంటి జన్యువు వ్యాధిలో తానే మారిపోతే లెక్క మొత్తం తప్పుతుంది. కాబట్టి రెండు మూడు ప్రామాణిక జన్యువులతో పోల్చిన వ్యాసాన్ని ఎక్కువ నమ్మవచ్చు.

వైరస్‌లు ఈ నియంత్రక జన్యువులను తమకు అనుకూలంగా మార్చుకుంటాయా?

మార్చుకుంటాయి. కోయి హెర్పిస్ వైరస్ తన జన్యుసముదాయంలో చేప ఐఎల్-10ను పోలిన జన్యువును మోసుకొని తిరుగుతుంది. ఆ ప్రోటీన్ చేప భక్షక కణాల పనిని అణచగలదు. అయితే ఆ జన్యువును తొలగించిన వైరస్ కూడా చేపలను దాదాపు అదే తీవ్రతతో చంపిందని 2013లో పరీక్షలు చూపాయి. ఒక జన్యువు చేయగలిగిన పని వేరు, వ్యాధి ఫలితంలో దాని వాటా వేరు. ఈ రెండింటినీ కలిపేయకూడదు.

తెగులు తగిలి బతికిన చేపలను తల్లి చేపలుగా ఉంచుకోవచ్చా?

ఆలోచన సహజమైనదే, కానీ జాగ్రత్తలు లేకుండా చేయకూడదు. బతికిన చేపల్లో కొన్ని వ్యాధికారకాన్ని ఒంట్లో దాచుకొని పిల్లలకో, పక్క చేపలకో అందించవచ్చు. పైగా ఒక చేప బతకడానికి జన్యువే కారణమా, సూక్ష్మజీవి తక్కువగా తగలడమా అన్నది చెరువులో తెలియదు. బతికినవి కొద్దే అయితే వాటితోనే మందను నడపడం వల్ల జన్యు వైవిధ్యమూ కుంచించుకుపోతుంది. ప్రజనన కేంద్రాలు తొట్టిలో సోకించిన చేపలను తల్లి చేపలుగా వాడవు. సోకని సోదర చేపలను వాడతాయి, కుటుంబ విలువను మాత్రమే సోకిన వాటి నుంచి తీసుకుంటాయి.

## రాబోయే పద్ధతులు, పరీక్షలు

క్రిస్పర్‌తో తెగులు రాని చేపను తయారుచేయలేమా?

ప్రయోగశాలల్లో అడుగులు పడ్డాయి. 2016లో సీఫా శాస్త్రవేత్తలు జన్యువును కోసి మార్చే క్రిస్పర్ పద్ధతితో శీలావతిలో టీఎల్ఆర్-22 జన్యువును పనిచేయకుండా చేయగలిగారు. అది రోగం రాని చేప కోసం కాదు, ఆ జన్యువు పనిని తెలుసుకునే నమూనా కోసం. అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయం సూక్ష్మజీవులను చంపే పదార్థాన్నిచ్చే ఎలిగేటర్ మొసలి కెథెలిసిడిన్ జన్యువును క్యాట్‌ఫిష్‌లో చేర్చి, బాక్టీరియాను మెరుగ్గా తట్టుకునే చేపలను చూపింది. అయితే నియంత్రక జన్యువును మార్చినప్పుడు ఒక సూక్ష్మజీవికి లాభం కలిగితే మరొకదానికి నష్టం కలగవచ్చు. ఒకే జన్యువు చాలా పనుల్లో ఉండడమే దానికి కారణం. మన దేశంలో 2022లో కొన్ని రకాల జన్యు సవరణలకు ఇచ్చిన సడలింపు మొక్కలకు మాత్రమే. చేపలకు జన్యుమార్పిడి జీవుల పూర్తి నియమాలు వర్తిస్తాయి.

నా చెరువు చేపలకు ఈ జన్యు పరీక్ష చేయిస్తే ఉపయోగమా?

జన్యువుల స్పందనను కొలిచే పరీక్ష ఒక్క చెరువు నిర్ణయానికి ఉపయోగపడదు. దానికయ్యే ఖర్చుతో మీరు చేయించవలసినవి వేరే ఉన్నాయి. పిల్లలు కొనే ముందు వైరస్‌లకు వాటి జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష, జబ్బు చేపలు ఇంకా కదులుతుండగానే హెడ్ కిడ్నీ నుంచి బాక్టీరియా పెంపకం, దానిపై ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష, తెల్లవారుజామున ఆక్సిజన్ కొలత. చచ్చి తేలిన చేపను ల్యాబ్‌కు తీసుకెళ్తే దాదాపు ప్రయోజనం ఉండదు, ఎందుకంటే చనిపోయాక నీటిలోని బాక్టీరియా అంతా దానిలోకి చేరుతుంది.

వీటితో పాటు ఒక పుస్తకం పెట్టుకొని, ఏ హేచరీ పిల్లలు, ఏ తేదీన, ఏ సైజులో దింపారు, ఎప్పుడు, ఏ జాతిలో, ఎన్ని మరణాలు వచ్చాయి అన్నది రాసుకోవాలి. రెండు హేచరీల పిల్లలను పక్కపక్క చెరువుల్లో ఒకే యాజమాన్యంలో పెంచిన రైతుల లెక్కలు పోగైతే, ఏ తల్లి చేపల మంద ఏ తెగులును తట్టుకుంటుందో ప్రజనన కేంద్రాలకు చెప్పగలిగిన సమాచారం అదే అవుతుంది.